ప్రభుత్వ బడి చదువు వెనుకబడినప్పుడు తల్లిదండ్రుల మార్గాలు: విజయవాడ, కృష్ణా డెల్టా

విజయవాడ నగరంలోనూ కృష్ణా డెల్టా గ్రామాల్లోనూ ప్రభుత్వ బడిలో చదివే బిడ్డకు తరగతికి తగిన చదువు రానప్పుడు తల్లిదండ్రులకు ఉన్న దారులను ఈ వ్యాసం వివరిస్తుంది. ప్రభుత్వ బడి అంటే ఇక్కడ మండల పరిషత్, జిల్లా పరిషత్, నగరపాలక సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ యాజమాన్యాల్లోని పాఠశాలలు. దారులు స్థూలంగా మూడు: ఉన్న బడినే బాగుచేయించుకోవడం, మరో ప్రభుత్వ విద్యాసంస్థకు మార్చడం, ప్రైవేటు బడిలో చేర్చడం. బడి మార్చకుండా ట్యూషన్ పెట్టించడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేదే అయినా ఏ ప్రభుత్వ పత్రంలోనూ ఒక మార్గంగా నమోదు కాదు. ఈ దారులన్నీ అన్నివేళలా తెరిచి ఉండవు. బిడ్డ ఏ తరగతిలో ఉన్నాడన్నదాన్ని బట్టి కొన్ని తెరుచుకుంటాయి, కొన్ని మూసుకుపోతాయి.

వెనుకబాటును గుర్తించడం

ఫలానా బడి వెనుకబడిందని ప్రకటించి, అక్కడి పిల్లలకు వేరే బడి చూపించే ఏర్పాటు భారతదేశ చట్టాల్లో లేదు. అమెరికాలో 2002లో అమల్లోకి వచ్చిన చట్టం వరుసగా లక్ష్యాలు అందుకోని బడుల పిల్లలకు మరో ప్రభుత్వ బడికి మారే హక్కు ఇచ్చింది. ఇంగ్లండులో తనిఖీ సంస్థ ఒక్కో బడికీ నివేదిక రాసి బహిరంగంగా ఉంచుతుంది. ఇక్కడ బడి వెనుకబడిందా అన్న నిర్ణయం తల్లిదండ్రులదే. పదో తరగతి ఫలితాలు తప్ప బడివారీగా వారికి సులభంగా అందే కొలత దాదాపు లేదు. అవి కూడా ప్రాథమిక బడి గురించి ఏమీ చెప్పవు.

గ్రామీణ పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే వాడే పద్ధతి ఇంట్లోనూ పనికొస్తుంది: రెండో తరగతి తెలుగు వాచకంలో ఒక పేరా చదివించడం, చిన్న తీసివేత, భాగహారం చేయించడం. 2024 అసర్ ప్రకారం దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో 23.4 శాతం మందే రెండో తరగతి పాఠం చదవగలిగారు. 2022లో ఇది 16.3 శాతం. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా జరిగిన మెగా తల్లిదండ్రుల సమావేశంలో పిల్లల ప్రగతి పత్రాలను తల్లిదండ్రుల చేతికిచ్చారు. 2025 జులై 10న ఈ సమావేశం మళ్లీ జరిగింది. పత్రంలోని గ్రేడుకీ పేరా చదవగలగడానికీ మధ్య తేడా ఉంటే పేరానే నమ్మడం మేలు.

వెనుకబాటుకు కారణం ప్రతిసారీ ఉపాధ్యాయుడే కాదు. విద్యాహక్కు చట్టం ప్రాథమిక స్థాయిలో ప్రతి 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు ఉండాలంటుంది. డెల్టా గ్రామాల్లో పిల్లల సంఖ్య తగ్గి, ఉన్నవారిలో చాలామంది ప్రైవేటు కాన్వెంట్లకు వెళ్లడంతో ఒక్క టీచరే ఐదు తరగతులు నడిపే బడులు మిగిలాయి. కాగితం మీద నిష్పత్తి సరిపోతుంది, తరగతికి మాత్రం మనిషి ఉండడు. గైర్హాజరు సంగతి వేరు. 2003లో దేశవ్యాప్తంగా ముందస్తు సమాచారం లేకుండా చేసిన తనిఖీల్లో ప్రభుత్వ ప్రాథమిక బడుల ఉపాధ్యాయుల్లో నాలుగో వంతు మంది బడిలో లేరని తేలింది.

చరిత్ర

మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో ఆదేశించిన విద్యా సర్వేకు మచిలీపట్నం జిల్లా నుంచి వెళ్లిన లెక్కల్లో వందలాది బడులు ఉన్నాయి. అవి ఊరి పెద్దలో పిల్లల తల్లిదండ్రులో పోషించిన వీధి బడులు. 1843లో రాబర్ట్ నోబుల్ మచిలీపట్నంలో ఇంగ్లిషు బడి స్థాపించాడు. 1850వ దశకంలో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయి పంట చేతికందాక డెల్టా రైతు కుటుంబాలు కొడుకుల చదువు మీద ఖర్చు పెట్టసాగాయి. 1910లో కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పారు. ఆనాటి సర్కారు చదువు నచ్చనివారు వేరే విద్యాసంస్థ కట్టుకోవడానికి ఈ ప్రాంతంలో అదే ప్రసిద్ధ ఉదాహరణ.

1959లో పంచాయతీరాజ్ వ్యవస్థ వచ్చాక గ్రామ బడులు సమితులకూ జిల్లా పరిషత్తులకూ చేరాయి. చాలా ఉన్నత పాఠశాలలకు స్థలమో భవనమో ఇచ్చిన దాతల పేర్లున్నాయి. పటమటలోని కోనేరు బసవయ్య చౌదరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అలాంటిదే. ఆ దాతల ఊళ్లలోనే తరువాతి తరాలు కాన్వెంటు బస్సు ఎక్కాయి. 1955లో వి. కోటేశ్వరమ్మ విజయవాడలో మాంటిస్సోరి బడి ప్రారంభించారు. 1986లో బొప్పన సత్యనారాయణరావు దంపతులు బాలికల జూనియర్ కళాశాలగా మొదలుపెట్టిన శ్రీచైతన్య తరువాత బడులకూ విస్తరించింది. నగరం చుట్టూ గూడవల్లి, నిడమానూరు, ఈడుపుగల్లు, పోరంకి దారుల్లో హాస్టల్ భవనాలు లేచాయి.

2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటినీ ఇంగ్లిషు మాధ్యమానికి మారుస్తూ ఇచ్చిన ఉత్తర్వును 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ తరువాత చేపట్టిన అభిప్రాయ సేకరణలో 96 శాతానికి పైగా తల్లిదండ్రులు ఇంగ్లిషునే కోరారని ప్రభుత్వం ప్రకటించింది. అప్పటి నుంచి ఒక పక్క తెలుగు, మరో పక్క ఇంగ్లిషు అచ్చైన పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మాధ్యమం కోసమే బడి మార్చే అవసరం దీంతో కాగితం మీద తొలగింది.

చట్టపరమైన పునాది

విద్యను ప్రాథమిక హక్కుగా గుర్తించిన 1993 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఉన్నికృష్ణన్, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్య నడిచిన వ్యాజ్యంలోనిదే. 2002లో 86వ రాజ్యాంగ సవరణ 21ఎ అధికరణాన్ని చేర్చింది. 2009 విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. తల్లిదండ్రులకు నేరుగా పనికొచ్చే సెక్షన్లు ఐదు. సెక్షన్ 5 ప్రకారం ఏ కారణంతోనైనా మరో ప్రభుత్వ లేదా ఎయిడెడ్ బడికి మారవచ్చు, ప్రధానోపాధ్యాయుడు వెంటనే బదిలీ పత్రం (టీసీ) ఇవ్వాలి, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. సెక్షన్ 12 ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లకు సంబంధించింది. సెక్షన్ 13 డొనేషన్‌నూ, ప్రవేశానికి బిడ్డను గానీ తల్లిదండ్రులను గానీ పరీక్షించడాన్నీ నిషేధిస్తుంది. సెక్షన్ 21 పాఠశాల యాజమాన్య కమిటీని ఏర్పరుస్తుంది. సెక్షన్ 32 ఫిర్యాదు దారి చూపుతుంది.

ఉన్న బడిని బాగుచేయించుకోవడం

పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మహిళలు. ఆంధ్రప్రదేశ్ నిబంధనల ప్రకారం ఒక్కో తరగతి తల్లిదండ్రులు ముగ్గురిని ఎన్నుకుంటారు. వారిలోంచి చైర్మన్, వైస్ చైర్మన్ వస్తారు. ప్రధానోపాధ్యాయుడు కన్వీనరు. పదవీకాలం రెండేళ్లు. ఇటీవలి కాలంలో 2019 సెప్టెంబరులోనూ 2024 ఆగస్టులోనూ రాష్ట్రవ్యాప్తంగా ఈ ఎన్నికలు జరిగాయి. తల్లిదండ్రుల కమిటీలు ఇక్కడ కొత్త కాదు. 1998లోనే రాష్ట్రం ప్రజల భాగస్వామ్యంపై ప్రత్యేక చట్టం చేసింది.

కమిటీ మధ్యాహ్న భోజనాన్ని, ఉపాధ్యాయుల హాజరును, నిధుల ఖర్చును పర్యవేక్షించవచ్చు. మూడేళ్ల అభివృద్ధి ప్రణాళిక తయారుచేయాలి. 2019 నవంబరు 14న ప్రారంభమైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బడుల మరమ్మతులు ఈ కమిటీల ద్వారానే జరిగాయి. సిమెంటు, మరుగుదొడ్లు, బల్లల విషయంలో కమిటీలు ఎంత చేయగలవో ఆ పనులు చూపించాయి. అయితే టీచరును మార్చే, శిక్షించే, కొత్తవారిని నియమించే అధికారం కమిటీకి లేదు. గోడ బాగుపడినంత తేలికగా పాఠం బాగుపడకపోవడానికి ఇదొక ముఖ్య కారణం. టీచరు కొరతపై కమిటీ చేయగలిగేది తీర్మానం రాసి మండల విద్యాశాఖాధికారికి (ఎంఈఓ) పంపడమే. ఖాళీలు భర్తీ కావాలంటే ఉపాధ్యాయ నియామక పరీక్ష డీఎస్సీ రావాలి. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు నోటిఫికేషన్ వెలువడింది.

ఫిర్యాదు మెట్లు ఇవి: ప్రధానోపాధ్యాయుడు, ఎంఈఓ, జిల్లా విద్యాశాఖాధికారి (డీఈఓ), కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా విడిపోయాక విజయవాడ బడుల అర్జీలు ఎన్టీఆర్ జిల్లా కలెక్టరేట్‌కూ, గుడివాడ, ఉయ్యూరు, మచిలీపట్నం వైపు అర్జీలు మచిలీపట్నానికీ వెళ్తాయి. హక్కు భంగమైన చోట బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. ఉపాధ్యాయ పోస్టులు ఎన్ని, ఖాళీలు ఎన్ని, నిధులు ఎంత వచ్చాయి అనే వివరాలకు 2005 సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు రావాలి. ఊరికే మొరపెట్టుకున్న అర్జీకన్నా కమిటీ తీర్మానం, సమాచార హక్కు జవాబు జతచేసిన అర్జీని పక్కన పెట్టడం కష్టం.

సమష్టిగా అడ్డుపడిన సందర్భమూ ఉంది. 2022 జూన్ నాటి 117వ ఉత్తర్వు ప్రకారం ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలల్లో కలిపారు. చిన్నపిల్లలు రోడ్లు, కాలువలు దాటి వెళ్లాల్సి వస్తుందని రాష్ట్రంలో అనేక ఊళ్లలో తల్లిదండ్రులు బడి గేట్లకు తాళాలు వేశారు, రోడ్ల మీద బైఠాయించారు. 2025 మేలో ఆ ఉత్తర్వు రద్దయింది. దాని స్థానంలో తరగతికి ఒక టీచరు ఉండే మోడల్ ప్రాథమిక పాఠశాలలు వచ్చాయి. అలాంటి బడి అందుబాటులో ఉంటే తల్లిదండ్రులు మొదట చూడాల్సింది దాన్నే.

మరో ప్రభుత్వ బడి

పొరుగు బడికి మార్చడం ఖర్చులేని పని. నగరంలో ఇది సులభం. సత్యనారాయణపురం ఏకేటీపీ పాఠశాల వంటి నగరపాలక సంస్థ ఉన్నత పాఠశాలలకు దూర పేటల పిల్లలూ వస్తారు. మునిసిపల్ బడుల పర్యవేక్షణ 2022లో పాఠశాల విద్యాశాఖకు బదిలీ అయింది. డెల్టా పల్లెల్లో అడ్డంకి దూరం. చట్ట నిబంధనలు ఐదో తరగతి వరకు ఒక కిలోమీటరు, ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు బడి ఉండాలంటాయి, కానీ మంచి బడి ఆ పరిధిలో ఉండాలని ఎక్కడా లేదు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చాక ఆడపిల్లల విషయంలో ఈ అడ్డంకి కొంత తగ్గింది.

కేంద్రీయ విద్యాలయాల్లో కేంద్ర ప్రభుత్వోద్యోగుల పిల్లలకు తొలి ప్రాధాన్యం. ఇప్పటికే ఉన్నవాటికి తోడు నూజివీడు, నందిగామలకు 2024 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం కొత్తవి మంజూరు చేసింది.

ప్రవేశ పరీక్షతో చేరే బడులు (చూ. గురుకుల విద్య)

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గురుకుల విద్య 1971లో, ఇప్పుడు తెలంగాణలో ఉన్న సర్వేల్‌తో మొదలైంది. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండలో మరొకటి వచ్చింది. డెల్టా కుటుంబాల్లో తాడికొండ సీటుకు దశాబ్దాలుగా ఉన్న పేరు తక్కువేమీ కాదు. సాధారణ గురుకులాలు, సాంఘిక సంక్షేమ శాఖ అంబేడ్కర్ గురుకులాలు, బీసీ సంక్షేమ శాఖ జ్యోతిబా ఫూలే గురుకులాలు ప్రధానంగా ఐదో తరగతిలో చేర్చుకుంటాయి. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు మాత్రం ప్రవేశ పరీక్ష లేకుండా ఆరో తరగతిలో, అనాథలు, బడి మానేసినవారు, పేద కుటుంబాల బాలికలకు మొదటి అవకాశం ఇస్తాయి. ఉమ్మడి కృష్ణా జిల్లా జవహర్ నవోదయ విద్యాలయం బాపులపాడు మండలం వేలేరులో ఉంది. అక్కడ ఆరో తరగతిలో 80 సీట్లు, వాటిలో 75 శాతం గ్రామీణులకు.

ఇక్కడ తల్లిదండ్రులు తరచూ పట్టించుకోని మెలిక ఒకటుంది. నవోదయ గ్రామీణ కోటాకు 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ బడిలోనే చదివి ఉండాలి. సాధారణ గురుకులాల పరీక్షకూ ఓసీ, బీసీ విద్యార్థులు 3, 4 తరగతులు గ్రామీణ ప్రాంతంలోనే చదివి ఉండాలన్న షరతు ఉంది, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ విద్యార్థులకు లేదు. ఊరి బడి బాగాలేదని మూడో తరగతిలో బిడ్డను విజయవాడ కాన్వెంటుకు పంపిన రైతు తెలియకుండానే ఈ తలుపు మూసుకుంటాడు. నవోదయకు దరఖాస్తు కూడా చేరడానికి ముందటి ఏడాదిలోనే పెట్టుకోవాలి.

ప్రైవేటు బడి

కాన్వెంటు అనే మాట ఈ ప్రాంతంలో క్రైస్తవ సంస్థల బడికే పరిమితం కాదు. రెండు గదుల వీధి బడి నుంచి ఏసీ క్యాంపస్ దాకా ఇంగ్లిషు మీడియం ప్రైవేటు బడి అంతా కాన్వెంటే. స్థాపన, గుర్తింపు నియమాలు 1994 జనవరి 1 నాటి ఒకటో నంబరు ఉత్తర్వులో ఉన్నాయి. చేర్చే ముందు గుర్తింపు ఏ తరగతి వరకు ఉందో అడగడం అవసరం. ఐదు వరకే గుర్తింపు ఉన్న చోట పై తరగతుల పిల్లల పేర్లు వేరే బడి రికార్డులో నడిచే అలవాటు ఉంది.

ఫీజుల నియంత్రణకు 2019లో రాష్ట్రం పాఠశాల విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్‌ను చట్టంతో ఏర్పరచింది. 2021 ఆగస్టులో 53వ ఉత్తర్వు ద్వారా ప్రాథమిక స్థాయికి గ్రామ పంచాయతీల్లో ఏటా 10,000, మునిసిపాలిటీల్లో 11,000, నగరపాలక సంస్థల్లో 12,000 రూపాయలు, ఉన్నత పాఠశాల స్థాయికి వరుసగా 12,000, 15,000, 18,000 రూపాయలు నిర్ణయించారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు దాన్ని కొట్టివేసింది. ఫీజుకు తోడు బస్సు, పుస్తకాలు, యూనిఫారం ఖర్చులు వేరు.

నగదు సాయం ప్రభుత్వ, ప్రైవేటు బడులు రెంటికీ వర్తిస్తుంది. 2020 జనవరిలో మొదలైన అమ్మఒడి ఒక్కో తల్లికి ఏటా 15,000 రూపాయలు, 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనం చదివే ప్రతి బిడ్డకూ 15,000 చొప్పున ప్రకటించాయి. రెండో పథకంలో 2,000 బడి నిర్వహణకు పోను 13,000 తల్లి ఖాతాకు చేరుతుంది. బిడ్డను ప్రభుత్వ బడిలోనే ఉంచాలన్న షరతు లేకపోవడంతో ఈ సొమ్ము చిన్న ప్రైవేటు బడుల ఫీజుకు ఊతమైంది. పుస్తకాలు, యూనిఫారం, బూట్లు, బ్యాగుల కిట్టు మాత్రం ప్రభుత్వ రంగ పిల్లలకే. ఆ కిట్ల పథకాన్ని 2020 అక్టోబరు 8న కంకిపాడు మండలం పునాదిపాడు ఉన్నత పాఠశాలలో ప్రారంభించారు.

ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు

విద్యాహక్కు చట్టంలోని ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2012 ఏప్రిల్‌లో సమర్థించింది, మైనారిటీ బడులకు మినహాయింపునిచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో అమలు ఆలస్యమై, హైకోర్టు జోక్యం తరువాత 2022 నుంచి కదిలింది. పంపకం ఇలా ఉంటుంది: అనాథలు, హెచ్ఐవీ బాధితులు, దివ్యాంగులకు 5 శాతం, ఎస్సీలకు 10, ఎస్టీలకు 4, బీసీ, మైనారిటీ, ఓసీ పేదలకు 6. ఆన్‌లైన్ దరఖాస్తు, లాటరీతో ఎంపిక. ఇంటికి దగ్గరి బడికి ప్రాధాన్యం.

యాజమాన్యాలు ప్రభుత్వం కట్టే మొత్తం చాలదంటాయి. తల్లిదండ్రులు సీటు వచ్చినా ఇతర ఫీజులు అడుగుతున్నారంటారు. రెండు వాదనలూ కోర్టుదాకా వెళ్లినవే. ఈ వ్యాసం దృష్టిలో అంతకన్నా ముఖ్యమైన పరిమితి మరొకటి: సీటు ఒకటో తరగతి ప్రవేశానికే. అంటే బిడ్డ ప్రభుత్వ బడిలో చేరకముందే వాడుకోవాల్సిన దారి ఇది. రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో చదువు రావడం లేదని కనిపెట్టిన కుటుంబానికి ఇది అందదు. గురుకులం ఐదో తరగతికి గానీ తెరుచుకోదు. ఈ రెంటి నడుమ ఏళ్లలో డబ్బున్నవారికి కాన్వెంటు, లేనివారికి పొరుగు ప్రభుత్వ బడో ట్యూషనో కమిటీయో మిగులుతుంది. పిల్లలు చదవడం, లెక్క నేర్చుకోవాల్సిన అసలు వయసూ అదే.

ట్యూషన్

సాయంత్రం ఇంటి వసారాలోనో మేడమీదో నడిచే ట్యూషన్లను ఎక్కువగా డిగ్రీ, బీఈడీ చదివిన యువతులు నడుపుతారు. హోంవర్కు చేయించడమే ప్రధానం కాబట్టి అడుగున మిగిలిన లోటు అలాగే ఉండిపోవచ్చు. ఏ స్థాయి నుంచి మొదలుపెడతారో అడిగి చేర్చడం మంచిది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 28 బడి ఉపాధ్యాయులు ప్రైవేటు ట్యూషన్ చెప్పడాన్ని నిషేధిస్తుంది.

బడి మారితే చదువు మారుతుందా

దీనికి తెలుగు నేల మీదే జవాబు వెతికారు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ సహకారంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఐదు జిల్లాల్లో, 180 గ్రామాల్లో 2008 నుంచి ఒక ప్రయోగం నడిచింది. ప్రభుత్వ బడి పిల్లల్లో కొందరికి లాటరీ వేసి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఫలితాలను 2015లో ప్రచురించారు. నాలుగేళ్ల తరువాత తెలుగు, లెక్కలు, ఇంగ్లిషు, సైన్సు-సాంఘిక శాస్త్రాల్లో లాటరీ తగిలిన పిల్లలకూ తగలని పిల్లలకూ మార్కుల్లో తేడా లేదు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో చెప్పని హిందీలో మాత్రం తగిలినవారు చాలా ముందున్నారు. ప్రైవేటు బడుల్లో ఒక్కో పిల్లవాడిపై ఖర్చు ప్రభుత్వ బడిలో అయ్యేదాంట్లో మూడో వంతుకన్నా తక్కువ.

ప్రైవేటు పిల్లల మార్కులు మామూలుగా ఎక్కువ కనిపించడానికి చాలావరకు కారణం బడి కాదు, ఆ ఇళ్ల పరిస్థితులేనని దీన్నుంచి తేలుతుంది. ప్రైవేటు సమర్థకులు తక్కువ ఖర్చుతో అంతే ఫలితం వచ్చిందని చూపుతారు. ప్రభుత్వ బడి సమర్థకులు ఫీజు కట్టినా అదనంగా దక్కింది స్వల్పమంటారు. ప్రయోగంలో కృష్ణా జిల్లా లేదు, విజయవాడ కార్పొరేటు బడులూ లేవు. కాబట్టి గ్రామాల చిన్న కాన్వెంట్ల గురించే దీన్ని ప్రమాణంగా తీసుకోవాలి.

తిరిగి ప్రభుత్వ బడికి

రాకపోకలు రెండు వైపులా ఉంటాయి. అసర్ ప్రకారం దేశంలో 6-14 ఏళ్ల గ్రామీణ పిల్లల్లో ప్రభుత్వ బడిలో ఉన్నవారు 2018లో 65.6 శాతం. కొవిడ్ తరువాత 2022లో 72.9కి పెరిగి, 2024లో 66.8కి తగ్గారు. ఆదాయం పడిపోయిన కుటుంబాలు వెనక్కి రావడం విజయవాడలోనూ కనిపించింది. 

అలా వచ్చేవారికి ఎదురయ్యే మొదటి చిక్కు ఫీజు బాకీ ఉందని ప్రైవేటు బడి టీసీ ఆపడం. ఎనిమిదో తరగతి వరకు వయసుకు తగిన తరగతిలో ప్రభుత్వ బడి టీసీ లేకుండానే చేర్చుకోవాలి. అయితే పాత బడి ఆన్‌లైన్ రికార్డులో బిడ్డ పేరును వదిలితే తప్ప కొత్త బడి ఖాతాలోకి రాదు, పేరు రాకపోతే కిట్టూ నగదు సాయమూ నిలిచిపోతాయి. ఆ పేరును విడిపించమని అడగాల్సింది ఎంఈఓ కార్యాలయాన్ని. చేరిన రోజే కొత్త బడి ప్రధానోపాధ్యాయుడి సంతకంతో ఆ అర్జీ పెట్టుకోవాలి.